పందెం కారుకి హారతి

కార్ల పందెం జరిగిన ఆదివారం నాడే ముత్యాలరావు తప్పిపోయాడని అందరూ అన్నారు. చెన్నై పోలీసులు కేసులో ఆ రోజే రాసుకున్నారు. పేపర్లో వేయించిన ఫొటో కిందా ఆ తేదీయే ఉంది. ముత్యాలరావు భార్య గంగారత్నం ఏలూరు వచ్చి, డిటెక్టివ్ జిలానీ ఎదుట కుర్చీ అంచు మీద కూర్చుని మొదట చెప్పిన మాటా అదే.

"ఆదివారం మధ్యాహ్నం నించీ మా ఆయన కనబడ్డం లేదండి. ఉన్నారో లేదో కూడా ఎవరూ చెప్పడం లేదు. మీరు ఏదో ఒకటి చెప్పండి, చాలు."

ఏదో ఒకటి అన్న మాట ఆమె వెళ్లిపోయాక కూడా జిలానీని వదల్లేదు. జిలానీది ఏలూరులో తివాచీలు నేసిన కుటుంబం. మగ్గం పని తగ్గిపోయాక బీమా కంపెనీల తరఫున విచారణలు చేస్తూ, చివరికి సొంతంగా ఒక గదీ ఒక బోర్డూ పెట్టుకున్నాడు. తప్పిపోయినవాళ్ల తాలూకు మనుషులు సాధారణంగా "తీసుకురండి" అంటారు. "చెప్పండి చాలు" అన్న మనిషిని అతను చూడటం అదే మొదలు.

జరిగినదాంట్లో తెలిసినంతవరకూ చిక్కేమీ లేదు. తాడేపల్లిగూడెంలో సిరిగంగ ఫీడ్స్ అని చేపల మేత తయారుచేసే కంపెనీ ఉంది. ఆ యేడు చెన్నై దగ్గర జరిగే పెద్ద స్టాక్ కార్ పందెంలో ఒక కారుకి ఖర్చంతా ఆ కంపెనీ పెట్టుకుంది. స్టాక్ కారంటే పందెం కోసమే పుట్టిన కారు కాదు. రోడ్ల మీద తిరిగే కారునే సీట్లు పీకేసి, లోపల ఇనప కడ్డీలు బిగించి, ఇంజనుకి బలం పెంచి పరిగెత్తిస్తారు. కంపెనీవాళ్లు తమ కారు తలుపు మీద పెద్ద బొచ్చె చేప బొమ్మ వేయించి, ఎక్కువ మేత కొన్న రైతుల్నీ డీలర్లనీ అతిథులుగా పిలిచారు. హోటల్లో గది, భోజనాలు, నీడపట్టున కూర్చుని చూసే గ్యాలరీలో చోటు, పసుపుపచ్చ టీ షర్టు, టోపీ, అన్నీ కంపెనీవే.

పిలుపు అందినవాళ్లలో ఆకివీడు దగ్గర చెరువు చేస్తున్న అన్నదమ్ములిద్దరు ఉన్నారు. అన్న ముత్యాలరావు. తమ్ముడు నాగదుర్గారావు, ఇంకా పెళ్లి కాలేదు, అన్నగారింట్లోనే ఉంటాడు. ఇద్దరూ అయ్యప్ప మాలలో ఉన్నారు. మిగతా పన్నెండుమంది అతిథులు రైల్లో వెళ్లారు. వీళ్లిద్దరూ శుక్రవారం సాయంత్రం సొంత కారులో బయల్దేరారు. ఆదివారం పందెం చూశారు. పందెం అయ్యాక జనంలో అన్న చెయ్యి తప్పిపోయాడని సోమవారం తమ్ముడొక్కడే తిరిగొచ్చాడు.

పది రోజులైంది. చివరిసారి కనిపించింది చెన్నైలో కాబట్టి కేసు అక్కడిదేనని ఇక్కడి స్టేషన్లో అన్నారు. చెన్నైకి ఫోన్ చేస్తే అక్కడివాళ్లు తమిళంలో ఏదో చెప్పి పెట్టేస్తున్నారు.

బుధవారం ఉదయం జిలానీ తాడేపల్లిగూడెం వెళ్లాడు.

సిరిగంగ ఫీడ్స్‌లో భద్రతా అధికారి ప్రసాదరావు. పోలీసు శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. మీసం ఇంకా రిటైరవలేదు. పందేనికి అతిథుల్ని తీసుకెళ్లి తీసుకొచ్చిన బాధ్యత ఆయనదే. జిలానీ కార్డు తిరగేసి చూసి బల్ల మీద పడేశాడు.

"తివాచీల జిలానీ గారంటే మీరేనా అండి? వ్యాపారం తగ్గిందని ఇందులోకి దిగారా?"

"తగ్గిందండి. మనుషులు తప్పిపోవడం మాత్రం తగ్గలేదు."

"చూడండి, మా అతిథిని మేం క్షేమంగా తీసుకెళ్లాం. హోటల్లో అన్నదమ్ములిద్దరి పేరా గది ఇచ్చాం. గేటు దగ్గర రెండు పాసులూ చింపారు. రెండు కుర్చీల్లో ఇద్దరు మనుషులు కూర్చున్నారు. పందెం అయ్యాక ఆయన ఎటు పోయాడో ఆయనిష్టం. సన్యాసం మీద మనసైందేమో. మాలలో ఉన్నవాడేగా."

"ఆయన్ని మీరు చూశారా అండి?"

"ముప్ఫై యేళ్లు పోలీసు ఉద్యోగం చేసినవాణ్ణి. ఈ కళ్లతో చూశాను. నల్ల బట్టలు, గడ్డం, మెళ్లో మాల."

"ముఖం?"

ప్రసాదరావు జవాబు చెప్పేలోగా తలుపు దగ్గర నుంచి ఒక ఆడగొంతు వినిపించింది. "స్వామి ముఖం తేరిపార చూస్తామా ఏంటండీ!"

ఆమె బాలాత్రిపురసుందరి. దెందులూరులో కంపెనీ మేత అమ్మే డీలరు. పందెం దగ్గర తీసిన ఫొటోకి పటం కట్టించి అతిథులందరికీ ఇస్తున్నారంటే తీసుకెళ్లడానికి వచ్చింది. పిలవకుండానే లోపలికొచ్చి కూర్చుంది. ప్రసాదరావు పళ్లు నూరుకున్నాడు కానీ ఏమీ అనలేకపోయాడు. జిల్లాలో అందరికంటే ఎక్కువ మేత అమ్మేది ఆవిడే.

"పందెం ఎలా ఉందండి?" అని అడిగాడు జిలానీ.

"ఏం చెప్పమంటారు? చెవులకి డిప్పల్లాంటివి పెట్టారు. పెట్టుకున్నా గుండెలదిరిపోయాయి. తిరిగిన చోటే తిరుగుతుంటే ఎవడు ముందో ఎవడు వెనకో ఎలా తెలుస్తుంది? చేప బొమ్మ కనబడ్డప్పుడల్లా చప్పట్లు కొట్టమన్నారు, కొట్టాం. అది ఆఖరున వచ్చిందని బస్సెక్కాక తెలిసింది."

"ఆఖర్న కాదు, ఏడో స్థానం," అన్నాడు ప్రసాదరావు.

"ఎన్ని కార్లండీ మొత్తం?" అన్నాడు జిలానీ.

ప్రసాదరావు బల్ల మీది కాగితాలు సర్దాడు.

"ఆ స్వామి మీకు దగ్గరగా కూర్చున్నారా అండి?"

"నా ముందు వరసే. అరటిపళ్లిస్తే దణ్ణం పెట్టి తీసుకున్నారు. మీ చెరువు ఆకివీడుకి ఎటువైపు స్వామీ అని డిప్ప పైకెత్తి మరీ అడిగాను. నవ్వి ఊరుకున్నారు. మౌనంలో ఉన్నారేమో అనుకున్నా. సగం పందెం కాకుండానే లేచి వెళ్లిపోయారు. తమ్ముడు పక్కనే ఉన్నాడా, ఎక్కడికని కూడా అడగలేదు. ఇద్దరూ ఒక్క మాటంటే ఒక్క మాట మాట్లాడుకోలేదండి. ఏ ఇంటి గొడవలు ఆ ఇంటివి అనుకున్నాను."

జిలానీ జేబులోంచి ముత్యాలరావు ఫొటో తీసి ఆమె చేతికిచ్చాడు. నున్నగా గడ్డం గీసుకుని, తెల్ల చొక్కా వేసుకున్న మనిషి. ఆమె దాన్ని దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసింది.

"ఏమోనండి. అబద్ధమెందుకు, ఈయనేనని చెప్పలేను. కాదనీ చెప్పలేను."

"ఆ రోజు చెన్నైలో రోడ్డు మీదికి వెళ్తే నల్ల బట్టల స్వాములు ఎంతమంది కనిపించారండి?"

"అడుగడుక్కీ!"

జిలానీ ప్రసాదరావు వైపు తిరిగాడు. "చేతిలో పాసు పెట్టి రండి స్వామీ, ఊరికే పందెం చూద్దురుగాని అంటే ఎవరు రారండి? ఆయన తెలుగు రాని స్వామి అయ్యుంటే మౌనంగానే ఉంటాడు. విసుగు పుడితే లేచి వెళ్లిపోతాడు. మీరు చూసింది నల్ల బట్టల్ని. మనిషిని కాదు."

ప్రసాదరావు ముఖం కందగడ్డయింది. "ఏవండోయ్, నాకే పాఠం చెబుతున్నారా? వీడియో ఉంది, చూపిస్తాను. చూసి మీ దారిన మీరు వెళ్లండి."

కంప్యూటర్లో సీడీ పెట్టాడు. పందేనికి ముందు, ఆదివారం పొద్దున తీసిన భాగం అది. ఇంజను మూత తెరిచి ఉన్న కారుకి పూలదండ వేశారు. చేప బొమ్మకి కుంకుమ బొట్టు. చక్రాల కింద నిమ్మకాయలు. చుట్టూ పసుపుపచ్చ టీ షర్టుల్లో కోనసీమ, కొల్లేరు రైతులు, ఎందుకు నిలబడ్డారో తెలియని పెళ్లివారిలా నిలబడి ఉన్నారు. పూజారి కొబ్బరికాయ కొట్టి, కారుకి హారతిచ్చి, పళ్లెం వరసగా అందరి ముందుకీ తెస్తున్నాడు. ఒక్కొక్కరే చేతులు చాచి కళ్లకద్దుకుంటున్నారు.

చివర్న ఒక పొడుగాటి కుర్రాడు. అతని దగ్గరికి పళ్లెం రాగానే రెండడుగులు వెనక్కి వేశాడు. చేతులు వీపు వెనక్కి పోయాయి. పూజారి ఒక క్షణం చూసి పక్కకి తిరిగిపోయాడు.

"అతనెవరండి?"

"నాగదుర్గారావు. తమ్ముడు."

జిలానీ తెరకి దగ్గరగా వంగాడు. కాళ్లకి బూట్లు. టీ షర్టు పైబొత్తాం తీసి ఉంది. మెళ్లో ఏమీ లేదు.

"ఇతను కూడా మాలలో ఉన్నాడన్నారే?"

"ఏమో, టీ షర్టు మీద బాగుండదని తీసేసుంటాడు. లేకపోతే రాత్రి పార్టీలో మందు కోసం తీసేసుంటాడు. కుర్రవాడు."

"మందా? అతను మంచినీళ్లు కూడా ముట్టుకోలేదండి," అంది బాలాత్రిపురసుందరి. "శనివారం పొద్దున హోటల్‌కి వచ్చినప్పుడే తల తడిసిపోయి ఉంది. అప్పుడూ మెళ్లో మాల లేదు. అందరం గుడికెళ్తే అతనొక్కడూ లోపలికి రాకుండా బస్సులో కూర్చున్నాడు."

"హారతి దగ్గర పెద్దాయన కనబడ్డం లేదే?" అన్నాడు జిలానీ.

"శనివారం నించీ గదిలోనే పూజలో ఉన్నాడని తమ్ముడు చెప్పాడు. తిన్నగా గ్యాలరీకి వచ్చాడు. చాలా అండి మీ ప్రశ్నలు?"

"ఈ సీడీ కాపీ ఒకటి ఇప్పించండి."

ప్రసాదరావు సీడీ బయటికి తీసి సొరుగులో పెట్టి తాళం వేశాడు. "కంపెనీ సొత్తు. మా పేరు ఈ గొడవలో ఎక్కడా రాకూడదని పై నుంచి మాట. కోర్టు కాగితం పట్టుకురండి, ఇస్తాను. అప్పటికి ఇది ఉంటే."

ఆఖరి మాట నవ్వుతూ అన్నాడు. జిలానీ లేచి, బాలాత్రిపురసుందరికి నమస్కారం పెట్టి బయటికొచ్చాడు. చేతిలో కార్డు తప్ప ఏమీ లేదు. ఆ హారతి సంగతి అతనికి అర్థం కాలేదు. తమ పేటలో హిందువుల ఇళ్లూ ఉన్నాయి. హారతి అతనికి కొత్త కాదు. ఇచ్చింది తీసుకోకుండా వెనక్కి జరిగిన మనిషిని మాత్రం ఎప్పుడూ చూడలేదు.

మధ్యాహ్నానికి ఆకివీడు దాటి చెరువు దగ్గరికి చేరాడు. శుక్రవారం ఇల్లు వదిలాక అన్నదమ్ములు కారాపినట్టు తెలిసిన ఒకే ఒక్క చోటు అదని గంగారత్నం చెప్పింది.

చెరువు కాపలా ఏడుకొండలిది. గట్టు మీద రేకుల పాకలో ఉంటాడు. జిలానీని చూసి పాకలోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి తువ్వాలుతో తుడిచాడు.

"అమ్మగారు ఫోన్ చేశారండి, మీరొస్తారని. పెద్దబాబు గురించి ఏమన్నా తెలిసిందాండి?"

"తెలుసుకోవడానికే వచ్చానయ్యా. ఆ శుక్రవారం ఏం జరిగిందో నిదానంగా చెప్పు."

"ఏం లేదండి. పొద్దుగూకే వేళకి కారాగింది. పెద్దబాబు దిగి, ఆ మూల గట్టు చూసొద్దామని నడిచారు. చినబాబు ఎనకాలే ఎళ్లారు. చెరువు మధ్యలో గట్టేసి రెండు ముక్కలు చెయ్యాలని చినబాబు, వద్దని పెద్దబాబు. ఆ మాటే మాట్లాడుకుంటన్నారు. గొంతులు పెరిగాయండి. అన్నదమ్ములన్నాక మామూలే. ఇంతలో చినబాబు కేకేసి, దారిలోకి కొబ్బరిబొండాలు తెమ్మని నన్ను ఊళ్లోకి పంపారు. నేను బొండాలు పట్టుకొచ్చేసరికి కారు లేదండి. ఆలస్యమైందని ఎళ్లిపోయారనుకున్నా. బొండాలు నేనే తాగా."

"మర్నాడు?"

"మర్నాడు తెల్లారకుండానే చినబాబు ఫోన్. మేత కట్టొద్దురా, మంగళవారం పట్టుబడి, అన్నారు."

ఆ మాట జిలానీకి విడమరిచి చెప్పించుకోవాల్సి వచ్చింది. ఆ చెరువుల్లో తవుడూ చెక్కా కలిపి, అడుగున చిల్లులున్న సంచుల్లో నింపుతారు. పొద్దున్నే పడవ మీద తిరుగుతూ నీళ్లలో పాతిన గెడలకి ఆ సంచులు కడతారు. చేపలు కింద నుంచి పొడుచుకు తింటాయి. వల వేసి పట్టే ముందు మాత్రం మేత ఆపుతారు. కడుపు ఖాళీగా ఉంటే చేప ఐసులో చెడకుండా కలకత్తా దాకా వెళ్తుంది.

"అయితే ఆపడం మామూలేగా?"

"ఒక్కరోజు ఆపుతామండి. శనివారం, ఆదివారం, సోమవారం, అన్ని రోజులు ఎవరన్నా మాడుస్తారా? ఆకలికి గెడల చుట్టూ తిరిగాయండి పాపం. చూళ్లేక సోమవారం రెండు సంచులు కడదామని పడవ తీశా. సరిగ్గా అప్పుడే చినబాబు మద్రాసు నించి దిగారు. పడవ దిగరా అని అరిచారండి. ఆయన అలా అరవడం నేనెప్పుడూ ఇనలేదు. ఈ రాత్రికి నేను కాపలా ఉంటాను, నువ్వు ఇంటికి పో, అన్నారు."

"మంగళవారం చేపలు పట్టారా?"

"లేదండి. వలవాళ్లు రాలేదు. పొక్లెయిన్ వచ్చింది. ఆ మూల గట్టు జారిందని మట్టి పోయించారు."

"జారిందా?"

ఏడుకొండలు చెప్పులేని కాలి బొటనవేలితో నేల గీశాడు. "నేను చూసినప్పుడు జారలేదండి."

జిలానీ గట్టు వెంట మూలదాకా నడిచాడు. దారి పొడుగునా గట్టు మీద గడ్డి పెరిగి, పాతబడి, పడవ కట్టే చోట్ల అరిగి ఉంది. మూల మలుపులో మాత్రం ఒక గది పట్టేంత మేర గడ్డి లేదు. నల్లమట్టి ఎత్తుగా పోసి, యంత్రంతో అదిమి ఉంది. ఎండకి పైన నెర్రెలు విచ్చింది. నీటి అంచున గెడలు వరసగా ఉన్నాయి, మధ్యలో ఒక్కటి మాత్రం లేదు. ఆ గెడ ఉండాల్సిన చోటికి కొత్తమట్టి జారి ఉంది.

అతను ఆ మట్టి మీద కాలు పెట్టలేదు. పక్కనే గొంతుక్కూర్చున్నాడు. మూడు రోజులు నీళ్ల మీద పడవ తిరగకూడదని ఒకడు అనుకున్నాడు. నాలుగో రోజున ఈ మట్టి పడింది. మధ్యలో ఒక రాత్రి ఇక్కడ ఒక్క మనిషే ఉన్నాడు. ఇంతకుమించి చెప్పడానికి అతని దగ్గర ఆధారం లేదు. ఆకలేసిన చేపలు సాక్ష్యం చెప్పవు.

అక్కడి నుంచే తనకి తెలిసిన ఒక లాయరుకి ఫోన్ చేశాడు. గట్టు తవ్వించాలంటే ఎలా అని అడిగాడు.

"ఎవరి చెరువండి?"

"తప్పిపోయినాయనదీ, తమ్ముడిదీ. కాగితాల్లో ఇద్దరూ ఉన్నారు."

"మరి తమ్ముడు ఒప్పుకోవాలి. లేదంటే అధికారి ఉత్తర్వు. ఉత్తర్వు ఇవ్వాలంటే హత్య కేసు ఉండాలి. మీకున్నదల్లా చెన్నైలో మనిషి తప్పిపోయిన కేసు. అక్కడ ఆయన్ని ఆదివారం చూసినవాళ్లు పన్నెండుమంది ఉన్నారు కదండీ?"

"ఉన్నారండి," అన్నాడు జిలానీ. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

ఏడుకొండలు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. కొత్తమట్టి వైపు చూడకుండా మాట్లాడాడు. "ఈ మాటలు మీతో చెప్పినట్టు చినబాబుకి తెలియనివ్వకండి. పిల్లలున్నారు."

"తెలియనివ్వను. నువ్వు ఎక్కడికీ వెళ్లకు. నీతో మళ్లీ పనుంది."

"నేనెక్కడికెళ్తానండి."

ముత్యాలరావు ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. గంగారత్నం గుమ్మంలోనే ఎదురొచ్చి, అతని ముఖం చూసి, ఏమీ అడగకుండా లోపలికి దారిచ్చింది. కూతురు ప్రియాంక టెన్త్ క్లాసు పుస్తకాలు ముందేసుకుని మంచం మీద కూర్చుని ఉంది. గది మూల పీట మీద అయ్యప్ప పటం, దాని ముందు వెలుగుతున్న దీపం.

"దీక్షలో ఉన్నాయన ఎక్కడున్నా ఇంట్లో దీపం మానకూడదండి," అంది గంగారత్నం. "రెండు పూటలా నేనే పెడుతున్నాను."

జిలానీ మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాడు. ప్రియాంక ఉండగా మాట్లాడటం అతనికి కష్టంగా ఉంది. గంగారత్నం గ్రహించి కూతుర్ని వంటింట్లోకి పంపింది.

"మీ మరిదిగారు మాల ఎప్పుడు తీశారమ్మా?"

"సోమవారం, వచ్చిన రోజే. అన్న దొరికేదాకా నాకు దీక్షెందుకు వదినా అన్నాడు. మెడ బోసిగా ఉంటే నేనే అడిగాను. గుడికెళ్లి తీయించుకున్నానన్నాడు. అన్నంటే ప్రాణమండి అతనికి."

"ఆదివారం పొద్దున, పందేనికి ముందు తీసిన వీడియో చూశాను. అప్పటికే అతని మెళ్లో మాల లేదు. శనివారం పొద్దున కూడా లేదని ఒకావిడ చెప్పారు."

"శనివారమా? అప్పుడెందుకు తీస్తాడండి? శుక్రవారం ఇద్దరికీ నేనే హారతిచ్చి పంపాను. ఇద్దరి మెళ్లోనూ మాలలున్నాయి. మధ్యలో తియ్యకూడదండి. కొండకి వెళ్లొచ్చాకే తియ్యాలి."

జిలానీ అడగకుండా వెళ్లిపోవచ్చు. ఊళ్లో ఏ గురుస్వామినైనా అడగొచ్చు. ఆమె ఏదో ఒకటి చెప్పండి చాలు అన్న సంగతి గుర్తొచ్చింది. గుర్తురాకపోతే బాగుండేదని తరవాత చాలాసార్లు అనుకున్నాడు.

"నాకు తెలియక అడుగుతున్నాను. ఆ వీడియోలో అందరికీ హారతిచ్చారు. అతను తీసుకోకుండా వెనక్కి జరిగాడు. అంతకుముందు గుడికెళ్తే లోపలికి వెళ్లలేదట. దీక్షలో ఉన్న మనిషి అలా ఎప్పుడు చేస్తాడమ్మా?"

"మైల ఉంటే చేస్తారండి," అంది ఆమె వెంటనే, పిల్లలకి చెప్పినట్టు. "మైలలో హారతి ముట్టుకోకూడదు, గుడి గడప తొక్కకూడదు. మాల కూడా అప్పుడే, మధ్యలో తియ్యాల్సొస్తే ఆ ఒక్క కారణానికే తీస్తారు. తలస్నానం చేసి తీసేస్తారు. ఇంట్లో వాళ్లెవరైనా…"

అక్కడితో ఆగిపోయింది.

వంటింట్లో ప్రియాంక గిన్నె మీద మూత పెట్టిన చప్పుడైంది. గంగారత్నం దీపం వైపు చూసింది. జిలానీ వైపు చూడలేదు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, ఒక చేతిగాజుల్ని ఇంకో చేత్తో గట్టిగా పట్టుకుంది.

"మా ఇంట్లో ఎవరూ పోలేదండి," అంది చివరికి, చాలా మెల్లగా. "అత్తగారు, మావగారు ఎప్పుడో పోయారు. ఉన్నది మేం నలుగురమే. నేనున్నాను. పిల్ల ఉంది. అతనున్నాడు."

జిలానీ తల దించుకున్నాడు. పన్నెండుమంది అతిథులు, ఒక రిటైరైన పోలీసు, రెండు ఊళ్ల స్టేషన్లు ముత్యాలరావుని ఆదివారం దాకా బతికించారు. శనివారం తెల్లారకముందే దారిలో ఎక్కడో ఒక నూతి దగ్గరో కాలవ దగ్గరో ఆగి, నెత్తిన నీళ్లు పోసుకుని, మాల తీసి, అన్నకి మైల పట్టినవాడు ఒక్కడే ఉన్నాడు. ఎవరూ అడగలేదు, ఎవరికీ తెలియదు. అయినా పట్టాడు. పట్టకుండా ఉండే ధైర్యం అతనికి లేకపోయింది.

"ఎక్కడ?" అంది ఆమె.

"ఇంకా తెలియదమ్మా. అనుమానం ఉంది. ఉత్తర్వు లేనిదే అక్కడ చెయ్యి పెట్టనివ్వరు. రేపు ఏలూరులో అర్జీ పెడతాను. ఏడుకొండలు చెప్పింది రాయించి సంతకం చేయిస్తే కొంత బలం ఉంటుంది."

"ఎన్నాళ్లు పడుతుందండి?"

"చెప్పలేను."

"అప్పటిదాకా నేనేం చెయ్యాలి?"

జిలానీ గొంతు తగ్గించాడు. "మామూలుగా ఉండండి. మీకు తెలిసినట్టు అతనికి తెలియకూడదు. తెలిస్తే ఆ చోటు ఖాళీ చేస్తాడు. మీ పుట్టింటికి వెళ్తారా?"

"వెళ్తే అనుమానం రాదండీ? పది రోజులుగా కదలనిదాన్ని." ఆమె గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. "అన్నం నేనే పెట్టాలి అతనికి."

వీధిలో మోటార్ సైకిల్ ఆగింది. నాగదుర్గారావు చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చాడు. వీడియోలో కంటే చిక్కిపోయి ఉన్నాడు. జిలానీని చూసి చేతులు జోడించాడు.

"మీరేనా అండి ఏలూరు నించి వచ్చినాయన? చెన్నై వెళ్లి వెతకాలండి మీరు. ఇక్కడేముంటుంది?"

"వెళ్లాలండి," అన్నాడు జిలానీ.

"ఖర్చుకి వెనకాడకండి. మా అన్నని మాకు చూపించండి." కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి నిజం నీళ్లే. జిలానీకి అందుకే భయం వేసింది. నాగదుర్గారావు పీట మీది దీపానికి దూరంగా, గోడవారగా నడుచుకుంటూ వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. "వదినా, అన్నం పెట్టేస్తావా? మళ్లీ చెరువుకెళ్లాలి. ఇవాళ్టి నించి కాపలా నేనే."

"ఏడుకొండలేడి?" అంది గంగారత్నం. గొంతు మామూలుగానే ఉంది.

"పంపేశాను వదినా. ఒరిస్సాలో మనవాళ్ల చెరువులకి మనుషులు కావాలంటే, ఇందాకే ఐసు లారీ ఎక్కించాను. పెళ్లాం పిల్లలతో సహా. పాపం, బొత్తిగా వాగుడెక్కువైంది వాడికి. ఎవరొచ్చినా కూర్చోబెట్టి కబుర్లు." అతను జిలానీ వైపు చూసి నవ్వాడు. మర్యాదగానే నవ్వాడు. "మీరూ భోంచేసి వెళ్లండి."

"ఇంట్లో ఎదురుచూస్తుంటారండి," అని జిలానీ లేచాడు.

గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ వెనక్కి చూశాడు. గంగారత్నం వంటింట్లోంచి కంచం తెచ్చి మరిది ముందు పెట్టింది. అన్నం వడ్డించింది. పప్పు వేసింది. కూతుర్ని పిలిచి, చెయ్యి పట్టుకుని తన వెనక నిలబెట్టుకుంది. చాలా, ఇంకొంచెం వెయ్యనా అని అడిగింది.

చెరువు మూల గట్టు ఇంకా తవ్వలేదు. ముత్యాలరావు కోసం భార్యా కూతురూ మైలస్నానం ఇంకా చెయ్యలేదు.